తాలిపేరు ఎగువన

మంగళవారం, చర్ల

తాలిపేరు వాగు ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా అడవుల్లోంచి వస్తుంది. బాసగూడ పక్కగా పారి, సరిహద్దు దాటి, చర్ల దగ్గర ప్రాజెక్టులో ఆగి, ఆ తర్వాత గోదావరిలో కలుస్తుంది. 2005 వానాకాలం నుంచి జనం కూడా ఇలాగే కిందికి దిగారు. ప్రభుత్వానికీ మావోయిస్టులకూ మధ్య యుద్ధంలో ఊళ్లు తగలబడితే పిల్లల్ని భుజాన వేసుకుని, దొరికిన గిన్నెలు గంపలో పెట్టుకుని, రాత్రిళ్లు నడిచి వచ్చారు. అంతకుముందు వాళ్లకు ఇటువైపు తెలిసిన దారి మిర్చి కోతలకు వచ్చేది ఒక్కటే. కూలికి వచ్చిన దారినే ప్రాణాలు దక్కించుకోవడానికి కూడా వచ్చారు.

భద్రాచలంలో బస్సెక్కి దుమ్ముగూడెం మీదుగా చర్ల వచ్చాను. జనవరి కాబట్టి మిర్చి కోతలు మొదలయ్యాయి. తోటల్లో వంగి కాయలు కోస్తున్నవాళ్లలో చాలామంది అవతలి రాష్ట్రం వాళ్లేనని పక్క సీటులో కూర్చున్న రైతు చెప్పాడు. "వాళ్లు రాకపోతే మా పంట చెట్టు మీదే ఎండిపోద్ది" అన్నాడు. ఆ మాట గుర్తుపెట్టుకున్నాను. ఈ జిల్లాల్లో వీళ్ల కష్టం అందరికీ కావాలి, వీళ్లు ఇక్కడే ఉంటామంటే మాత్రం చాలామందికి ఇబ్బంది.

చర్లలో ఒక మిత్రుడి ఇంట్లో దిగాను. ఆయన కోయ, బడి పంతులు. వలస వచ్చినవాళ్లు అడవి అంచున వేసుకున్న చిన్న చిన్న ఊళ్లు, అంటే గుంపుల, పిల్లల్ని ఇళ్లకు వెళ్లి మరీ బడికి తీసుకొచ్చే మనిషి. రాత్రి భోజనాలయ్యాక అసలు విషయం చెప్పాడు. "అన్నా, నువ్వు రాసుకోవడానికి వెళ్తున్నావు, బాగానే ఉంది. గుంపులో వాళ్లు ఒక పని అప్పగిస్తారట. ఆ పని కూడా చేసుకుని రావాలి."

యుద్ధం అయిపోయిందని ఇప్పుడు అందరూ అంటున్నారు. 2025 మే నెలలో అబూజ్‌మఢ్‌లో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు చనిపోయాడు. అక్టోబర్‌లో ఆ పార్టీ అగ్రనేత మల్లోజుల వేణుగోపాల్ లొంగిపోయాడు. నవంబర్ 18న మారేడుమిల్లి అడవుల్లో వాళ్ల దళాల కమాండర్ హిడ్మా చనిపోయాడు. 2026 మార్చి 31 కల్లా మావోయిజం ఉండదని కేంద్ర హోంమంత్రి గడువు పెట్టారు. చనిపోయినవాళ్ల లెక్కలు, లొంగిపోయినవాళ్ల లెక్కలు, పట్టుబడ్డ తుపాకుల లెక్కలు రోజూ పేపర్లో వస్తున్నాయి. ఊళ్లు వదిలి వచ్చినవాళ్ల లెక్క మాత్రం ఎవరూ అడగడం లేదు. ఏభై వేల మంది దాకా ఉంటారని వాళ్ల మధ్య పనిచేసినవాళ్ల అంచనా.

బుధవారం, గుంపు

ఈ గుంపు పేరు, మండలం పేరు రాయను. అడవి భూమి గురించి వీళ్లకున్న గొడవ ఇంకా తెగలేదు. పేరు బయటపడితే నష్టం వాళ్లకే.

ముప్పై పైచిలుకు గుడిసెలు. మట్టి గోడలు, చుట్టూ వెదురు దడి. మేం వెళ్లేసరికి ఆడవాళ్లు వాగులో ఉన్నారు. వాగు ఎండిపోయింది. ఇసుకలో మోకాలి లోతు చెలమ తవ్వారు. ఒకామె సొరబుర్రను పక్కవాటంగా ఆనించి, అడుగు ఇసుక కదలకుండా అరచేతిలో పట్టేటన్ని నీళ్లు తీసి బిందెలో పోస్తోంది. కాస్త తొందరపడితే నీళ్లు మడ్డి అవుతాయి, మళ్లీ తేరుకునే దాకా ఆగాలి. ఆమె వేళ్లు మిర్చి ఘాటుకు వాచి ఉన్నాయి. పొద్దుటి నుంచి కోతకు వెళ్లి వచ్చి, ఇప్పుడు నీళ్లకు వచ్చింది. మేం అక్కడున్నంతసేపట్లో ఆ ఒక్క బిందె నిండలేదు.

గుంపు పెద్దాయన చింతచెట్టు కింద మంచం వేయించాడు. ఆయన తెలుగు ఇరవై ఏళ్ల కూలి పనుల్లో నేర్చుకున్నది. ఆయన మాటల్లో జుడుమోళ్లంటే మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో నడిచిన సల్వాజుడుం మనుషులు, లోపలోళ్లంటే మావోయిస్టులు.

"మా ఊళ్ల జుడుమోళ్లు మీటింగ్ పెట్టిన్రు. దోర్నపాల్ క్యాంపుకి రాకపోతే మీరంతా నక్సలైట్లే అన్నరు. ఆ రాత్రే లోపలోళ్లు వచ్చిన్రు. క్యాంపుకి పోయినోడు మళ్ల ఊళ్లె అడుగు పెట్టడు అన్నరు. నా తమ్ముడు క్యాంపుకి పోయిండు. నా పెద్దకొడుకు వాళ్లతోని అడవిలకు పోయిండు. నేను ఆడోళ్లని, పిల్లల్ని పట్టుకొని ఇటు వచ్చిన."

ఒకే ఇల్లు మూడు దిక్కులైంది. కొడుకు 2009లో చనిపోయాడు. తమ్ముడు ఎస్పీవో, అంటే పోలీసుల తరఫున తుపాకి పట్టే స్థానికుడు, అయ్యాడు. ఊరు తగలబడింది 2006 ఎండాకాలంలో.

ఈ మాటలు చాలా గుంపుల్లో వినిపిస్తాయి. సల్వాజుడుం 2005 జూన్‌లో కుట్రు ప్రాంతంలో మొదలైంది. కాంగ్రెస్ నాయకుడు మహేంద్ర కర్మ ముందు నడిచాడు, బీజేపీ ప్రభుత్వం వెనక నిలబడింది. 640కి పైగా ఊళ్లు ఖాళీ అయ్యాయని ప్రభుత్వ లెక్కల్లోనే ఉంది. క్యాంపులకు వచ్చినవాళ్లను సర్కారు మనుషులన్నారు, రానివాళ్లను శత్రువులన్నారు. మావోయిస్టులు దాన్నే తిరగేసి పట్టుకున్నారు. దున్నుకుని బతుకుతాను, నన్ను వదిలెయ్యండి అనే మనిషికి రెండు వైపులా చోటు లేకుండా పోయింది. పౌరుల రక్షణ గురించి ఎన్ని సూత్రాలు చెప్పుకున్నా, నా వరకు ఆ చోటు కాపాడటమే అసలు పని.

పెద్దాయన ట్రంకు పెట్టె తెప్పించాడు. లోపల పాలిథిన్ కవర్లో పాత రేషన్ కార్డు, దంతెవాడ జిల్లా అని హిందీలో ఉంది. దాని పక్కన ఇక్కడి అడ్రసుతో ఆధార్. మనవరాలు తొమ్మిదో తరగతి, ఇక్కడే పుట్టింది. కులం సర్టిఫికెట్ అడిగితే మీది వేరే రాష్ట్రం అంటున్నారు. ఎస్టీ హోదా కుటుంబం ఏ రాష్ట్రం నుంచి వచ్చిందో దాన్ని బట్టి ఉంటుందట. తాత పుట్టిన రాష్ట్రానికి వెళ్లి తెచ్చుకోమంటే, అక్కడ ఈ పిల్లను ఎరిగినవాళ్లెవరు?

భూమి సంగతి ఇంకా చిక్కు. అటవీ హక్కుల చట్టంలో 2005 డిసెంబర్ 13 అని ఒక తేదీ ఉంది. ఆ తేదీకి ముందు నుంచి సాగులో ఉన్నవాళ్లకే పట్టా. ఈ గుంపు 2006లో వచ్చింది కాబట్టి ఇక్కడ పోడుకు హక్కు లేదు. అదే చట్టంలో సెక్షన్ 3(1)(ఎం) ఉంది. అక్రమంగా అడవి భూముల నుంచి వెళ్లగొట్టిన వాళ్లకు అక్కడే పునరావాసం, కుదరకపోతే వేరే చోట భూమి ఇవ్వాలంటుంది. దానికీ అదే తేదీ. 2005 డిసెంబర్ 13కు ముందు వెళ్లగొట్టబడి ఉండాలి. 2005 ఆగస్టులో తగలబడిన ఊరివాళ్లు దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2006 ఏప్రిల్‌లో తగలబడిన ఊరివాళ్లకు ఆ దారి లేదు. ఒకే మంటల్లో ఒకే మనుషులు ఊళ్లు వదిలారు. పార్లమెంటు ఆ చట్టం చేసినప్పుడు బస్తర్‌లో ఊళ్లు ఇంకా కాలుతూనే ఉన్నాయి. ఈ ఒక్క తేదీని వీళ్ల కోసం సడలించడానికి ఎవరికి అభ్యంతరం ఉంటుందో నాకు అర్థం కాదు.

అప్పగించిన పని ఇది. పెద్దాయన ఊరికి వెళ్లి చూసి రావాలి. చింతచెట్లు ఉన్నాయా, భూమి ఎవరు దున్నుతున్నారు, తమ్ముడు ఏమంటాడు. పుల్లతో నేల మీద ఊరు గీసి చూపించాడు. ఇళ్లను ఆయన చెట్లతో గుర్తుపెట్టుకున్నాడు. ఇక్కడ ఇప్ప, దాని వెనక మా ఇల్లు. ఇక్కడ రెండు చింతలు, అది పటేల్ ఇల్లు. టీచర్ కాగితం మీదికి ఎక్కించి, ఇళ్ల యజమానుల పేర్లు వరసగా రాశాడు.

గురువారం, కుంట నుంచి దోర్నపాల్

భద్రాచలం తిరిగి వచ్చి చింతూరు దారి పట్టాను. చట్టి జంక్షన్ దాటి కాసేపటికి కుంట. పక్కనే శబరి, అవతల ఒడిశా. ఇక్కడి దొర్ల ఆదివాసులకు తెలుగు బాగా వచ్చు. టీ కొట్టు బోర్డు మీద హిందీ, మాటల్లో తెలుగు.

ఎర్రబోరు దగ్గర బస్సు దిగాను. రోడ్డు పక్కన చనిపోయినవాళ్ల స్మారకాలున్నాయి. 2006 జూలైలో ఒక రాత్రి ఇక్కడి జుడుం క్యాంపు మీద మావోయిస్టులు దాడి చేసి 30 మందికి పైగా చంపారు. అందులో పిల్లలున్నారు. గుడిసెలు తగలబెట్టారు. అదే ఏడాది ఫిబ్రవరి 28న దర్భగూడ దగ్గర జుడుం సభ నుంచి తిరిగి వస్తున్న లారీని మందుపాతరతో పేల్చారు. ఆ లారీలో తమంతట తాము సభకు వెళ్లనివాళ్లు, ఊరూరా తోలుకెళ్లినవాళ్లు కూడా ఉన్నారంటారు. 2010 మే 17న చింగవరం దగ్గర బస్సును పేల్చారు. ఎస్పీవోలున్నారని పేల్చారు, బస్సులో మామూలు ప్రయాణికులూ ఉన్నారు.

ప్రజల కోసం పోరాడుతున్నామనే వాళ్లు కూడా పాటించాల్సిన నియమాలున్నాయి. జెనీవా ఒప్పందాలన్నిటిలోనూ ఉమ్మడిగా ఉన్న మూడో అధికరణం ఒక దేశం లోపల జరిగే సాయుధ పోరుకు, అందులో రెండు పక్షాలకూ వర్తిస్తుంది. పోరులో పాల్గొనని మనిషిని చంపకూడదు, హింసించకూడదు, బందీగా పట్టుకోకూడదు. భారతదేశం ఈ ఒప్పందాలను 1950లోనే ఆమోదించింది. ఇలాంటి పోరులో పౌరులను బలవంతంగా ఊళ్లు ఖాళీ చేయించకూడదని ఇంకా వివరంగా చెప్పే 1977 రెండో ప్రొటోకాల్ మీద మాత్రం సంతకం పెట్టలేదు.

తెలుగు నేల మీద ఈ చర్చ కొత్తది కాదు. రాజ్యం తప్పుల్ని ఎంత గట్టిగా అడుగుతామో విప్లవకారుల తప్పుల్నీ అంత గట్టిగా అడగాలని హక్కుల నాయకుడు బాలగోపాల్ పట్టుబట్టారు. ఆ విభేదం మీదే పౌరహక్కుల సంఘం నుంచి బయటికొచ్చి, 1998లో మరికొందరితో కలిసి మానవ హక్కుల వేదిక పెట్టారు. ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్‌ను 1987లో గుర్తేడు దగ్గర నక్సలైట్లు అపహరించారు. ఆ తర్వాత ఏళ్లలో ఆయనే రెండు వైపులా మాట్లాడే పౌరస్పందన వేదికకు నాయకత్వం వహించారు. 2004 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో చర్చలు జరిగాయంటే ఆ కృషి ఉంది. చర్చలు విఫలమయ్యాయి, నిజమే. అయినా ఆ కొద్ది నెలల కాల్పుల విరమణలో ఊళ్లలో మనుషులు ప్రాణభయం లేకుండా నిద్రపోయారు. బస్తర్‌కు అలాంటి నెలలు కూడా దక్కలేదు.

సాయంత్రం దోర్నపాల్. ఒకప్పటి క్యాంపు ఇప్పుడు పేటగా మారిపోయింది. రేకుల ఇళ్లు, మొబైల్ షాపులు. క్యాంపులో పుట్టిన పిల్లలకు ఇప్పుడు పిల్లలున్నారు. వాళ్లలో చాలామందికి అసలు ఊరు పేరుగానే తెలుసు.

శుక్రవారం, జగరగుండ రోడ్డు

దోర్నపాల్ నుంచి జగరగుండ 56 కిలోమీటర్లు. ఈ రోడ్డు వేయడానికి ఏళ్లు పట్టింది. ఎంతమంది చనిపోయారో ఈ దారి పొడుగునా గుర్తుచేసుకుంటూ వెళ్లాలి. పొలంపల్లి, చింతగుఫా, బుర్కపాల్, చింతల్నార్. ఒకప్పుడు జగరగుండ చుట్టూ ముళ్లకంచె ఉండేది, రేషన్ నెలలకోసారి బలగాల కాపలాతో వచ్చేది. ఇప్పుడు బస్సు తిరుగుతోంది. బ్యాంకు మళ్లీ తెరిచారు. ఈ మార్పు చిన్నదని నేను అనను. గర్భిణిని మంచం మీద మోసుకెళ్లే దారిలో ఇప్పుడు అంబులెన్స్ వస్తోంది.

దోర్నపాల్ కుర్రాడి బైక్ మీద వెళ్లాం. కొన్ని కిలోమీటర్లకో క్యాంపు. ఆపినచోటల్లా అవే ప్రశ్నలు: ఎక్కడి నుంచి, ఎవరింటికి, ఎందుకు, ఆధార్. జవాన్లు మర్యాదగానే మాట్లాడారు. కుర్రాడు మాత్రం ప్రతి గేటు దగ్గరా ఫోన్ జేబులోంచి తీసి చేతిలో పట్టుకునేవాడు. జేబులో చెయ్యి పెట్టినట్టు కనిపించకూడదని చిన్నప్పటి నుంచి అలవాటట.

బుర్కపాల్ దగ్గర ఆగాం. 2017 ఏప్రిల్ 24న ఇక్కడ మావోయిస్టులు 25 మంది సీఆర్పీఎఫ్ జవాన్లను చంపారు. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్ల నుంచి పట్టుకెళ్లిన 121 మంది ఆదివాసులు దాదాపు అయిదేళ్లు జైల్లో ఉన్నారు. 2022 జూలైలో కోర్టు అందరినీ నిర్దోషులని వదిలేసింది. అయిదేళ్లు ఆ ఇళ్లలో దుక్కి దున్నిన ఆడవాళ్ల గురించి, అప్పులకు అమ్ముకున్న ఎడ్ల గురించి తీర్పులో ఉండదు. పరిహారం ఇవ్వాలన్న నియమం మన చట్టంలో లేదు.

ఇక్కడికి దగ్గర్లోనే తాడ్‌మెట్ల. 2010 ఏప్రిల్ 6న 76 మంది బలగాలు చనిపోయిన చోటు. మరుసటి ఏడాది మార్చిలో తాడ్‌మెట్ల, తిమ్మాపురం, మోర్‌పల్లి ఊళ్లలో రెండు వందలకు పైగా ఇళ్లు తగలబడ్డాయి. ఆ ఇళ్లు తగలబెట్టిన కేసులో సీబీఐ చార్జిషీటులో ఎస్పీవోల పేర్లున్నాయి.

మధ్యాహ్నానికి పెద్దాయన ఊరు చేరాం. రెండు చింతచెట్లు ఉన్నాయి. ఇప్ప లేదు. ఆయన గీసిన ఇళ్ల స్థానంలో తుప్పలు మొలిచాయి. ఒక చోట రోలు సగం నేలలో కూరుకుపోయి ఉంది. ఏడెనిమిది కొత్త గుడిసెలు.

తమ్ముడు ఇంటి దగ్గరే ఉన్నాడు. అన్న పంపాడని చెబితే కాసేపు మాట్లాడలేదు. లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చాడు. మూడో తరగతి దాకా చదివాడు. చేతికి తుపాకి ఇచ్చినప్పుడు ఇరవై ఏళ్లు లేవు. "క్యాంపుకి పోకపోతే ఆ రోజే చచ్చేవాణ్ణి సార్. పోయాక ప్రతిరోజూ చస్తాననుకున్నా" అన్నాడు. దగ్గర్లో బలగాల క్యాంపు వచ్చాకే ఊరికి తిరిగొచ్చాడు. అన్న భూమిలో కొంత దున్నుతున్నాడు. "అన్న వస్తే ఆయనది ఆయనకే. వస్తే ఫోర్స్ వాళ్లు అడుగుతారు, ఇన్నాళ్లు ఎక్కడున్నావు, కొడుకు ఎవరు అని. అప్పుడు నేను ఏం చెప్పాలి?"

ఎస్పీవోల గురించి సుప్రీంకోర్టు 2011 జూలై 5న చెప్పిన మాటలు ఆయన ముందు కూర్చున్నప్పుడు బాగా అర్థమయ్యాయి. సామాజిక శాస్త్రవేత్త నందినీ సుందర్, మరికొందరు వేసిన కేసులో జస్టిస్ సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్ ఇచ్చిన తీర్పు అది. అయిదో తరగతి చదివిన ఆదివాసీ కుర్రాళ్లకు నెలకు మూడు వేలు ఇచ్చి, అరకొర శిక్షణతో యుద్ధంలోకి పంపడం వాళ్ల సమానత్వపు హక్కుకు, జీవించే హక్కుకు భంగమన్నారు. తుపాకులు వెనక్కి తీసుకోమన్నారు. ఆ తీర్పు రాసింది తెలుగు న్యాయమూర్తి అయినందుకు నాకు గర్వంగా ఉంటుంది. ప్రభుత్వం కొత్త చట్టం తెచ్చి అదే కుర్రాళ్లను సహాయక బలగంలోకి తీసుకుంది. తర్వాత వచ్చిన డీఆర్జీ అనే పోలీసు దళంలోనూ స్థానికులు, లొంగిపోయినవాళ్లు ఉన్నారు. ఊరివాణ్ణి ఊరివాడి మీదికి పంపే పద్ధతి ఆగలేదు. తుపాకులు పక్కన పెట్టాక వీళ్లు ఒకే చెలమలో నీళ్లు తోడుకోవాలి కదా.

బయల్దేరేటప్పుడు తమ్ముడు ఎదురుగా ఉన్న గట్టు చూపించి, అటు వెళ్లొద్దన్నాడు. పోయిన ఏడాది అక్కడ ప్రెషర్ బాంబు మీద ఆవు కాలేసింది.

శనివారం, సిల్గేర్, సార్కెగూడ

జగరగుండ నుంచి బాసగూడ వైపు రోడ్డులో సిల్గేర్ వస్తుంది. 2021 మేలో ఇక్కడ రాత్రికి రాత్రి క్యాంపు వెలిసింది. ఊళ్ల జనం వేల సంఖ్యలో వచ్చి కూర్చున్నారు. మే 17న కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. ఏడాదికి పైగా ధర్నా నడిచింది. వాళ్లు అడిగింది రోడ్డు వద్దని కాదు, బడీ ఆస్పత్రీ ముందు రావాలని, క్యాంపు పెట్టేముందు గ్రామసభను అడగాలని. ఆదివాసీ ప్రాంతాలకు ప్రత్యేక రక్షణ ఇచ్చే రాజ్యాంగం అయిదో షెడ్యూలు ప్రాంతంలో అడగదగ్గ మాటే ఇది. ఆ యువకులు పెట్టుకున్న మూలవాసీ బచావో మంచ్‌ను ప్రభుత్వం 2024లో నిషేధించింది. తుపాకి పట్టకుండా మాట్లాడేవాళ్లకు కూడా చోటు లేదంటే జనం ఎవరితో చెప్పుకోవాలి?

సార్కెగూడలో చాలాసేపు ఉన్నాను. బాసగూడ క్యాంపుకు కూతవేటు దూరం. ఈ ఊరివాళ్లు కూడా జుడుం కాలంలో చర్ల వైపు వచ్చి తలదాచుకుని, కొన్నేళ్ల తర్వాత ధైర్యం చేసి తిరిగి వచ్చారు. వచ్చి ఇళ్లు కట్టుకుని, మళ్లీ విత్తనాలు వేసుకుంటున్నారు. 2012 జూన్ 28 రాత్రి సార్కెగూడ, కొత్తగూడ, రాజ్‌పెంట మూడు ఊళ్ల జనం విత్తనాల పండుగ గురించి మాట్లాడుకోవడానికి కూడారు. బలగాలు చుట్టుముట్టి కాల్చాయి. 17 మంది చనిపోయారు, అందులో పిల్లలున్నారు. పెద్ద ఎన్‌కౌంటర్ అని ఢిల్లీ నుంచి ప్రకటన వచ్చింది.

జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ ఏడేళ్లు విచారించింది. చనిపోయినవాళ్లు మావోయిస్టులని చూపే ఆధారం లేదని, ఊరివాళ్ల వైపు నుంచి కాల్పులు జరగలేదని, కొందరిని దగ్గర నుంచి కాల్చారని, ఒకరిని తెల్లవారాక చంపారని 2019లో బయటికొచ్చిన నివేదికలో ఉంది. ఎడెస్‌మెట్టలో 2013 మే 17న చనిపోయిన ఎనిమిది మంది ఊరివాళ్లు కూడా మావోయిస్టులు కారని ఇదే జస్టిస్ అగర్వాల్ మరో విచారణలో చెప్పారు. వాళ్లూ విత్తనాల పండుగలో ఉన్నారు. ఈ రెండు నివేదికల మీద ఎవరికీ శిక్ష పడలేదు.

ఊళ్లో ఒక తల్లి తన కొడుకు స్కూలు ఫొటో చూపించింది. తెలుగు కొంచెం వచ్చు, చర్లలో ఉన్నప్పుడు నేర్చుకుంది. "మేం ఆడనే ఉండిపోతే వాడు బతుకుతుండె" అంది. తిరిగి రమ్మని చెప్పేవాళ్లందరూ ముందు ఈ తల్లికి జవాబు చెప్పాలి. ఇళ్లకు తిరిగి వచ్చిన మనుషుల్ని కాపాడలేని పునరావాసం ఎన్ని రేకుల ఇళ్లు కట్టించినా దగానే.

రాత్రి బీజాపూర్‌లో పడుకున్నాను.

ఆదివారం, వాజేడు మీదుగా

భోపాలపట్నం మీదుగా తెలంగాణలోకి వచ్చాను. వాజేడు, వెంకటాపురం దారిలో ఒక పక్కన కర్రెగుట్టలు. 2025 ఏప్రిల్‌లో వేల బలగాలు ఈ గుట్టల్ని చుట్టుముట్టి మే దాకా గాలించాయి, 31 మంది మావోయిస్టులు చనిపోయారని ప్రకటించాయి. దానికి ముందు మావోయిస్టులు గుట్టల మీద బాంబులు పెట్టాం, ఎవరూ రావొద్దని కరపత్రం ఇచ్చారు. కట్టెలకు, వెదురుకు, ఇప్పపువ్వుకు ఆ గుట్టల మీదే ఆధారపడ్డవాళ్లకు ఆ కరపత్రం ఏ మాత్రం రక్షణ? 2024 జూన్‌లో వాజేడు మండలంలోనే కొంగాల దగ్గర కట్టెలకు వెళ్లిన మనిషి బాంబు పేలి చనిపోయాడు. అదే ఏడాది నవంబర్‌లో ఇన్ఫార్మర్లన్న నెపంతో ఇద్దరిని ఇళ్ల దగ్గరే చంపారు. ఒకరు పంచాయతీ కార్యదర్శి.

పెట్టినవాళ్లు చనిపోయారు, లొంగిపోయారు. బాంబులు నేలలో ఉన్నాయి. ఎక్కడ పెట్టారో లొంగిపోయినవాళ్లకు తెలుసు. పునరావాసం డబ్బులిచ్చేటప్పుడు వాళ్లు గుర్తున్న ప్రతి చోటూ మ్యాపు మీద పెట్టాలని, ఆ మ్యాపు ఊరి భాషలో ఊరివాళ్లకు అందాలని ఎందుకు నిబంధన పెట్టకూడదు? వచ్చేది ఇప్పపువ్వు కాలం, ఆ వెంటనే తునికాకు. జనం గుట్టలెక్కక తప్పదు.

సోమవారం, భద్రాచలం

సోమవారం ఆదివాసుల నుంచి అధికారులు అర్జీలు తీసుకునే గిరిజన దర్బార్. పొద్దున్నే పెద్దాయన, మనవరాలు, గుంపు నుంచి మరికొందరు ఆటోలో వచ్చారు. ఊరి సంగతి చెప్పాను. ఇప్ప పోయిందంటే తల ఊపాడు. తమ్ముడు భూమి ఇస్తానన్నాడని చెబితే, "ఆడికి పిల్లలెందరు?" అని అడిగాడు. ఫోన్ కలిపి ఇచ్చాం. ఇద్దరూ కోయలో చాలాసేపు మాట్లాడుకున్నారు.

దరఖాస్తులో ఏం రాయాలనే దగ్గర మాట తేడా వచ్చింది. పెద్దాయన వెళ్తానంటాడు. మనవరాలు ఇక్కడే ఉంటానంటుంది. "నాకు ఆడ బడి భాష రాదు సార్. పది ఈడనే రాస్తా" అంది. ఆఖరికి టీచర్ రెండు జాబితాలు చేశాడు. తిరిగి వెళ్లాలనుకునే కుటుంబాలకు పాత ఊళ్లో భూమి సర్వే, బాంబుల తనిఖీ, పాత విషయాల మీద ప్రశ్నలు, కేసులు ఉండవని రాతపూర్వక హామీ కావాలి. ఉండిపోవాలనుకునేవాళ్లకు కులం సర్టిఫికెట్, నీళ్లు, గుడిసె జాగా కావాలి. ఏ జాబితాలో పేరున్నా రెండో దానికి మారే హక్కు ఉండాలని చివర్లో ఒక వాక్యం రాశాం. ఈ వాక్యం కోసం పెద్దాయనే పట్టుబట్టాడు.

అర్జీ తీసుకుని రశీదు ఇచ్చారు. పాత ఊరి గ్రామసభ తీర్మానం జతచేస్తే పని ముందుకు కదులుతుందన్నారు. ఏప్రిల్‌లో తునికాకు మొదలైతే సభకు మనుషులు దొరకరు. మార్చిలోనే పెట్టించాలని తమ్ముడికి చెప్పాం. సభకు తానూ వస్తానన్నాడు పెద్దాయన. అలా అయితే ఏ రోజు, ఏ దారిన, ఎవరెవరు వెళ్తున్నారో రెండు రాష్ట్రాల కలెక్టర్లకూ, ఆ ఊరున్న సుక్మా జిల్లా ఎస్పీకీ ముందే ఉత్తరం అందాలన్నాడు టీచర్. బస్టాండు ఎదురుగా డీటీపీ సెంటర్లో కూర్చుని ఆ ఉత్తరం తెలుగులో, హిందీలో టైపు చేయిస్తున్నాం.